నేరానికి తగిన శిక్ష: భారత చట్టంలో దామాషా సూత్రం

నిర్వచనం

చేసిన నేరం తీవ్రతకు, దానికి విధించే శిక్ష బరువుకు మధ్య ఉండవలసిన పొంతనను న్యాయశాస్త్రం దామాషా సూత్రం అంటుంది. దీన్ని రెండు రకాలుగా చూస్తారు. ఒకటి నేరాలను ఒకదానితో ఒకటి పోల్చి చూడటం: పెద్ద నేరానికి చిన్న నేరం కంటే ఎక్కువ శిక్ష ఉందా అన్నది ఇక్కడి ప్రశ్న. రెండోది ఒక్క నేరాన్నే తీసుకుని, దానికి పడిన శిక్ష దానంతట అదిగా సమంజసమా అని చూడటం. మొదటిది తప్పితే చట్టంలో వరస తప్పినట్లు. రెండోది తప్పితే వరస సరిగానే ఉన్నా మొత్తం శిక్షలన్నీ అతికఠినంగానో, నామమాత్రంగానో మిగిలినట్లు. తక్కువ శిక్ష పడటం కూడా దామాషా తప్పడమేనన్నది తరచు మరుగున పడే సంగతి. బాధితుల ప్రాణానికి, గౌరవానికి చట్టం ఎంత విలువ కట్టిందో శిక్షే చెబుతుంది.

భారతదేశంలో ఈ చర్చ ఎక్కువగా చట్టంలో రాసిన గరిష్ఠ శిక్షల చుట్టూ తిరుగుతుంది. ఆ సంఖ్యల్లోనూ లోపాలున్నాయి. అయితే అన్యాయం అంతకంటే ఎక్కువగా మరో మూడు చోట్ల జరుగుతోంది: న్యాయమూర్తికి దారి చూపకుండా వదిలేసిన విశాలమైన విచక్షణలో, ఆ విచక్షణను పూర్తిగా లాగేసుకున్న కనీస శిక్షల్లో, తీర్పు కంటే ముందే మొదలయ్యే జైలులో. అందువల్ల శిక్షల దామాషాను సెక్షన్లను బట్టి కాక, మనిషి నిజంగా అనుభవించే శిక్షను బట్టి కొలవాలి.

చరిత్ర: దండనీతి నుంచి శిక్షాస్మృతి వరకు

శిక్షకు కొలత ఉండాలన్న ఆలోచన చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రం మితిమీరిన దండన ప్రజలకు రాజుపై ద్వేషం పుట్టిస్తుందని, మెత్తని దండన రాజును చులకన చేస్తుందని, తగిన దండనకే గౌరవం దక్కుతుందని చెబుతుంది. జరిమానాలను మూడు అంతస్తులుగా విభజించింది: పూర్వ సాహస దండం 48 నుంచి 96 పణాలు, మధ్యమ సాహస దండం 200 నుంచి 500, ఉత్తమ సాహస దండం 500 నుంచి 1,000. అయితే ఆనాటి ధర్మశాస్త్రాల కొలతలో నేరంతో పాటు నేరం చేసినవారి పుట్టుక కూడా ఉంది. మనుస్మృతి బ్రాహ్మణుడికి మరణదండన కూడదంది. దొంగతనం విషయంలో మాత్రం లెక్కను తిరగేసి, శూద్రుడికి ఎనిమిది రెట్లు, వైశ్యుడికి పదహారు, క్షత్రియుడికి ముప్పై రెండు, బ్రాహ్మణుడికి అరవై నాలుగు రెట్ల దండన చెప్పింది. ఎటు చూసినా ఒకే తప్పుకు ఒకే శిక్ష అన్న భావన అందులో లేదు.

ఐరోపాలో 1215 నాటి మాగ్నా కార్టా జరిమానా నేరానికి తగినట్లుండాలని, మనిషి బతుకుతెరువును దెబ్బతీయకూడదని చెప్పింది. అయినా ఐదు వందల ఏళ్లు దాటాక కూడా ఇంగ్లండులో రెండు వందలకు పైగా నేరాలకు ఉరిశిక్ష ఉండేది. 1764లో ఇటలీ రచయిత చెజారే బెకారియా నేరాలు, శిక్షల గురించి రాసిన చిన్న పుస్తకం ఈ ధోరణిని గట్టిగా ప్రశ్నించింది. శిక్ష కఠినంగా ఉండటం కంటే తప్పకుండా, త్వరగా పడటమే నేరాన్ని ఆపుతుందని ఆయన వాదించాడు. ఈ మాటను తర్వాతి కాలపు నేరశాస్త్ర పరిశోధనలు చాలావరకు సమర్థించాయి.

మెకాలే నాయకత్వంలోని మొదటి లా కమిషన్ ముసాయిదా ఆధారంగా తయారైన భారత శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. కాగితం మీద అది కులాన్ని బట్టి శిక్ష వేసే పద్ధతిని తుడిచేసింది. కానీ అదే ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఆ కాలంలోనే ఏర్పడిన సెటిల్‌మెంటు. ఏ నేరమూ రుజువు కాకుండానే పసిపిల్లలతో సహా కుటుంబాలు నిఘాలో, హాజరు పట్టీల మధ్య బతకవలసి వచ్చింది. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. నేరమే లేని చోట ఎంత శిక్ష వేసినా అది ఎక్కువే కనుక, దామాషా తప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ మన చరిత్రలో దొరకదు. కొరడా దెబ్బల శిక్ష, ద్వీపాంతరవాసం 1955లో పోయాయి.

శిక్షల రకాలు

శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత ఆరు శిక్షలను పేర్కొంది: మరణశిక్ష, యావజ్జీవ కారాగారం, కఠిన లేదా సాధారణ కారాగారం, ఆస్తి జప్తు, జరిమానా, సమాజ సేవ. చివరిది కొత్తది. రూ.5,000 లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగి ఇచ్చినవారికి, తాగి బహిరంగంగా అల్లరి చేసినవారికి, పరువునష్టం వంటి కొద్దిపాటి నేరాలకు ఇది వర్తిస్తుంది. యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లన్నది తెలుగునాట బాగా పాతుకుపోయిన అపోహ. చట్టం దృష్టిలో అది చనిపోయేదాకా. మరణశిక్షకు అవకాశమున్న నేరాల్లో యావజ్జీవం పడినవారిని పద్నాలుగేళ్లు నిండకుండా విడుదల చేయరాదన్న నియమం నుంచి ఆ అపోహ పుట్టింది.

జరిమానాల సంగతి దామాషా దృష్టితో చూస్తే విచిత్రంగా ఉంటుంది. బహిరంగ ప్రదేశంలో జనానికి ఇబ్బంది కలిగించినందుకు 1860లో పెట్టిన గరిష్ఠ జరిమానా రూ.200. అప్పట్లో అది పెద్ద మొత్తం. పాత చట్టం పోయేదాకా, అంటే 160 ఏళ్లకు పైగా, ఆ అంకె మారలేదు. కొత్త సంహిత దాన్ని రూ.1,000 చేసింది. ఈ అంకె కూడా కొన్నేళ్లకే పాతబడుతుంది. అంతకంటే అసలు చిక్కు, ఒకే మొత్తం దినకూలీకి వారం బతుకు కాగా, కోటీశ్వరుడికి లెక్కలోకే రాదు. ఫిన్లండ్ 1921 నుంచే దోషి రోజువారీ ఆదాయాన్ని బట్టి జరిమానా లెక్కగట్టే పద్ధతి పాటిస్తోంది. మన సంహిత ఆ దారి తొక్కలేదు.

వరస తప్పిన శిక్షలు

పాత శిక్షాస్మృతి 304ఎ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీస్తే గరిష్ఠంగా రెండేళ్లు. అదే చట్టంలో ఇంట్లోకి దూరి దొంగతనం చేస్తే ఏడేళ్ల వరకు. దీన్ని సమర్థించేవారు దొంగకు దురుద్దేశం ఉంది, నిర్లక్ష్యపు డ్రైవరుకు లేదు కదా అంటారు. ఉద్దేశానికి విలువ ఇవ్వడం సరైనదే. కానీ ప్రమాదం ముంచుకొస్తుందని తెలిసీ ఖర్చు తగ్గించుకోవడానికి భద్రతను గాలికొదిలేసేవారిని, ఒక్క క్షణం ఏమరుపాటుతో తప్పు చేసినవారిని ఆ రెండేళ్ల గదిలోనే కూర్చోబెట్టడం ఉద్దేశాన్ని తూచినట్లు కాదు. 1984 డిసెంబరులో వేలమందిని బలిగొన్న భోపాల్ గ్యాస్ దుర్ఘటనలో, 1996లో సుప్రీంకోర్టు అభియోగాన్ని ఈ సెక్షన్‌కు తగ్గించింది. 2010 జూన్ 7న భోపాల్ కోర్టు దోషులకు వేయగలిగిన గరిష్ఠ జైలు శిక్ష రెండేళ్లే అయింది.

కొత్త సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యపు మరణానికి శిక్షను ఐదేళ్లకు పెంచింది; వైద్యులకు రెండేళ్లు ఉంచింది. ప్రమాదం చేసి సమాచారం ఇవ్వకుండా పారిపోయే డ్రైవరుకు పదేళ్లు అన్న ఉప సెక్షన్‌పై 2024 జనవరిలో లారీ డ్రైవర్లు దేశమంతా ఆందోళన చేశారు. ఆగితే జనం కొట్టి చంపుతారన్న భయమే పారిపోవడానికి కారణమని వారన్నారు. ఆ ఒక్క ఉప సెక్షన్‌ను పక్కనపెట్టి ప్రభుత్వం మిగతా సంహితను అమలులోకి తెచ్చింది. ఇల్లు దూరి చేసే దొంగతనానికి మాత్రం ఏడేళ్లు అలాగే ఉంది.

శిక్ష ఖరారయ్యే తీరు

నేరం రుజువయ్యాక శిక్షపై విడిగా వాదన వినాలని 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నిర్దేశించింది. కొత్త నాగరిక సురక్షా సంహిత ఆ నియమాన్ని కొనసాగించింది. ఆచరణలో ఈ వాదన చాలాసార్లు తీర్పు రోజునే, కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది. దోషి వయసు, కుటుంబం, మానసిక స్థితి, మారే అవకాశం గురించి కోర్టు ముందు ఏ నివేదికా ఉండదు. చాలా నేరాలకు చట్టం చెప్పేది గరిష్ఠం మాత్రమే: మూడేళ్ల వరకు, ఏడేళ్ల వరకు, పదేళ్ల వరకు. ఒక్క రోజుకు, పదేళ్లకు మధ్య ఎక్కడ ఆగాలో చెప్పే కొలబద్ద లేదు. శిక్షలు నిర్ణయించడానికి మార్గదర్శకాలు లేవన్న సంగతిని సుప్రీంకోర్టే 2008లో పంజాబ్ కేసు ఒకదానిలో ఎత్తిచూపింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2010 నుంచి పనిచేస్తున్న శిక్షా మండలి ఒక్కో నేరానికి హాని ఎంత, దోషి బాధ్యత ఎంత అని మెట్లుగా విడగొట్టి ఆరంభ శిక్షను సూచిస్తుంది. న్యాయమూర్తి దాన్ని దాటవచ్చు, కానీ కారణం రాయాలి.

ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన రెండు కేసులు ఈ విచక్షణ రెండు ముఖాలను చూపిస్తాయి. 1977 నాటి మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణ అయ్యర్ ఉద్యోగాల పేరుతో మోసం చేసిన చదువుకున్న యువకుడి మూడేళ్ల శిక్షను ఏడాదిన్నరకు తగ్గించారు. జైల్లో అతడికి తగిన పని ఇవ్వాలని, శిక్ష మనిషిని బాగుచేయాలని చెప్పారు. 1995లో వచ్చిన మరో కేసులో, మైనర్ బాలికపై అత్యాచారానికి కింది కోర్టు వేసిన పదేళ్ల శిక్షను హైకోర్టు నాలుగేళ్లకు తగ్గించగా, సుప్రీంకోర్టు తప్పుబట్టి ఏడేళ్లు చేసింది. మొదటి కేసులో విచక్షణ మనిషిని చూసింది. రెండో దానిలో హైకోర్టు బాధితురాలిని చూడలేదు. రెంటికీ చట్టం ఇచ్చిన స్వేచ్ఛ ఒకటే.

కనీస శిక్షలు

విచక్షణ దుర్వినియోగానికి శాసనసభలు వెతికిన జవాబు కనీస శిక్ష. అత్యాచారానికి ఏడేళ్ల కనీస శిక్ష 1983లో వచ్చింది. అయితే తగిన, ప్రత్యేక కారణాలుంటే తగ్గించవచ్చన్న వెసులుబాటు కూడా ఉండేది. కోర్టులు దాన్ని ఇష్టారీతిన వాడాయన్న విమర్శలు పెరిగి, 2013 సవరణ ఆ వెసులుబాటును తీసేసింది. 2018లో కనీస శిక్ష పదేళ్లయింది. మహిళలకు జరిగిన అన్యాయం దృష్ట్యా ఈ మార్పు వెనుక ఉన్న కారణం తీసిపారేయదగింది కాదు. చిక్కు ఎక్కడంటే, ఒకే సెక్షన్ కిందికి ఎంతో తేడా ఉన్న సంఘటనలు వచ్చినప్పుడు కనీస శిక్ష వాటన్నిటినీ ఒకటే చేస్తుంది.

పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపువారి అంగీకారానికి విలువ లేదు. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష పదేళ్లు, పదహారేళ్ల లోపు వారైతే ఇరవై. పసిబిడ్డపై పాశవికంగా దాడి చేసినవాడికి ఇది తక్కువే కావచ్చు. కానీ పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడి వెళ్లిన పంతొమ్మిదేళ్ల అబ్బాయికీ కనీసం పదేళ్లు. 2025 మేలో పశ్చిమ బెంగాల్ కేసు ఒకదానిలో, బాధితురాలే తనను బాధితురాలిగా భావించడం లేదని, దోషితో కాపురం చేస్తోందని తేలాక, సుప్రీంకోర్టు రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారాన్ని వాడి శిక్ష విధించకుండా వదిలేసింది. కింది కోర్టులకు ఆ అధికారం లేదు. ఒక కుటుంబం న్యాయం కోసం ఢిల్లీ దాకా వెళ్లవలసి వచ్చిందంటే సెక్షన్‌లోనే ఖాళీ ఉందని అర్థం.

మాదకద్రవ్యాల చట్టం ఇంతకంటే కొట్టొచ్చే ఉదాహరణ. 1985 నాటి ఈ చట్టాన్ని 2001లో సవరించి, సరుకు బరువును బట్టి శిక్షను మూడు మెట్లు చేశారు. గంజాయికి కిలో వరకు చిన్న పరిమాణం. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. 19 కిలోలతో పట్టుబడితే కోర్టు పదేళ్ల లోపు ఎంతైనా వేయవచ్చు. 21 కిలోలైతే పదేళ్లకు తక్కువ వేయడానికి వీల్లేదు, ఇరవై దాకా వెళ్లవచ్చు. లక్ష రూపాయల కనీస జరిమానా అదనం. నిర్దోషి అని నమ్మడానికి ఆధారాలున్నాయని కోర్టుకు అనిపిస్తే తప్ప బెయిలు రాదు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఏజెన్సీలో గంజాయి బస్తా మోసే కూలీకి, ఆ సరుకు కొని నగరాల్లో అమ్మించే వ్యాపారికి ఈ లెక్కలో తేడా లేదు. చట్టం బరువునే తూస్తుంది. వ్యాపారంలో ఎవరి వాటా ఎంత, లాభం ఎవరికి చేరింది అన్నవి కనీస శిక్షను తగ్గించలేవు. శిక్షను కనీసం కంటే పెంచడానికి చూడవలసిన అంశాలను మాత్రం చట్టం పట్టికగా ఇచ్చింది.

కనీస శిక్షల్లో చివరి మెట్టు తప్పనిసరి ఉరి. యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరే వేయాలన్న పాత శిక్షాస్మృతి 303వ సెక్షన్‌ను 1983లో మిఠ్ఠూ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. న్యాయమూర్తి చేతులు కట్టేసే శిక్ష సమానత్వానికి, జీవించే హక్కుకు విరుద్ధమని ఆ తీర్పు సారాంశం. అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి అందులో విడిగా తీర్పు రాసి ఏకీభవించారు. ఆయుధాల చట్టంలోని తప్పనిసరి ఉరి 2012లో పోయింది. జైలు విషయంలో మాత్రం కోర్టులు ఇంత దూరం రాలేదు. శిక్ష మరీ దారుణంగా, మనస్సాక్షిని కలచివేసేలా ఉంటే తప్ప శాసనసభ నిర్ణయంలో జోక్యం చేసుకోబోమని 2015లో విక్రమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మరణశిక్ష (చూ. క్షమాభిక్ష, జీవించే హక్కు)

1974లో ఈడిగ అనమ్మ కేసులో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక యువతి ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చింది. ఆమె వయసు, కుటుంబ పరిస్థితి, చిన్న బిడ్డ ఉండటం వంటివి లెక్కలోకి తీసుకుంది. 1980లో బచన్ సింగ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–1 ఆధిక్యంతో ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమే అంటూ, అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే వేయాలని, నేరంతో పాటు నేరస్థుడినీ చూడాలని కట్టడి చేసింది. జస్టిస్ పి.ఎన్. భగవతి విభేదించారు. ఉరి పడటం, పడకపోవడం కేసు విన్న ధర్మాసనంపై ఆధారపడుతుందని ఆయన భయం. తర్వాతి అనుభవం ఆయన పక్షానే ఉంది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2000–2013 మధ్య కింది కోర్టులు వేసిన ఉరిశిక్షల్లో పైకోర్టుల పరిశీలన దాటి నిలిచినవి ఐదు శాతం లోపే. ఉరి పడిన ఖైదీల్లో దాదాపు మూడొంతుల మంది ఆర్థికంగా బలహీనులు.

తెలుగునాట రెండు ఉదంతాలు క్షమాభిక్ష మీద దామాషాను వదిలేస్తే ఏమవుతుందో చూపుతాయి. ఆదిలాబాద్ రైతాంగ పోరాటానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను దేశవ్యాప్త విజ్ఞప్తుల తర్వాత కూడా ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబరు 1న ఉరితీశారు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీ యత్నంలో నిప్పంటించి 23 మంది మరణానికి కారణమైన ఇద్దరు దళిత యువకులకు పడిన ఉరిని 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. ఆ విజ్ఞప్తిని ముందు మరో రాష్ట్రపతి తిరస్కరించారు. ఈ రెండు కేసుల్లో ఏది సరి, ఏది కాదు అన్నదానిపై పాఠకులకు భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ప్రాణం పోవడం, నిలవడం పదవిలో ఎవరున్నారన్న దానిపై ఆధారపడటం మాత్రం కొలబద్ద లేకపోవడమే.

తీర్పుకు ముందే శిక్ష (చూ. బెయిలు, ముందస్తు నిర్బంధం)

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. జైళ్లు సామర్థ్యంలో 131 శాతం దాకా నిండాయి. మూడేళ్ల గరిష్ఠ శిక్ష ఉన్న దొంగతనం కేసులో రెండేళ్లు రిమాండులో గడిపి నిర్దోషిగా బయటపడిన మనిషికి ఏ దామాషా సూత్రమూ అక్కరకు రాదు. గరిష్ఠ శిక్షలో సగం కాలం నిండితే విడుదల చేయాలన్న నిబంధన 2005లో వచ్చింది. గతంలో ఏ నేరమూ రుజువు కానివారికి దాన్ని మూడో వంతుకు తగ్గించడం నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్‌లోని నిజమైన మేలు. పూచీకత్తు ఇచ్చే స్తోమత లేనివారికి ఈ సెక్షనే ఆధారం. తెలంగాణలో 1986 నాటి ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం కింద విచారణ లేకుండానే ఏడాది దాకా నిర్బంధించడం మరో దారి. మామూలు చట్టంతో సరిపోయే కేసుల్లోనూ దాన్ని వాడుతున్నారని సుప్రీంకోర్టు 2023లో తీవ్రంగా ఆక్షేపించింది.

అభ్యంతరాలు, సమాధానాలు

కఠిన శిక్షలే నేరాన్ని ఆపుతాయన్నది మొదటి అభ్యంతరం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన అత్యాచారం, హత్య తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ డిసెంబరులోనే దిశ బిల్లును ఆమోదించి, అత్యాచారానికి ఉరిశిక్ష, 21 పని దినాల్లో తీర్పు అంది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. ఆ ఆవేదన నిజమైనది, దాన్ని చిన్నబుచ్చకూడదు. కానీ ఉరిశిక్ష హత్యలను తగ్గిస్తుందా, పెంచుతుందా అన్నదానిపై అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు ఏమీ చెప్పలేవని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012లో తేల్చింది. దొరుకుతామన్న భయం పెంచేవి దర్యాప్తు, ఫోరెన్సిక్ ల్యాబులు, సాక్షుల రక్షణ. వాటికి డబ్బు, సిబ్బంది కావాలి. శిక్ష పెంచడానికి ఒక సవరణ చాలు. శంషాబాద్ కేసులో అసలు విచారణే జరగలేదు. నిందితులు నలుగురూ డిసెంబరు 6న పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వారిని చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో నివేదించింది. ఆ నలుగురు దోషులా కాదా అన్నది ఇక ఏ కోర్టూ తేల్చలేదు.

మార్గదర్శకాలు పెడితే న్యాయం యంత్రంలా మారుతుందన్నది రెండో అభ్యంతరం. అమెరికాలో 1984 చట్టంతో వచ్చిన కఠిన పట్టికలు ఈ భయాన్ని నిజం చేశాయి. 2005లో అక్కడి సుప్రీంకోర్టు వాటిని సలహా స్థాయికి తగ్గించవలసి వచ్చింది. దీన్నుంచి నేర్చుకోవలసింది పట్టిక వద్దని కాదు. న్యాయమూర్తి దాన్ని దాటగలగాలి, దాటినప్పుడు కారణం రాయాలి, ఆ కారణాన్ని పైకోర్టు పరీక్షించగలగాలి. అలాంటి చోట కనీస శిక్ష అవసరమే తగ్గిపోతుంది. బాలిక కేసులో ఆరేళ్లు తగ్గించిన హైకోర్టు గాని, గంజాయి కూలీకి పదేళ్లు వేయక తప్పని సెషన్స్ కోర్టు గాని తమ లెక్కను కాగితం మీద పెట్టి సమర్థించుకోవలసి వస్తుంది.

ప్రస్తుత స్థితి

జస్టిస్ మలిమథ్ కమిటీ 2003లో శిక్షల మార్గదర్శకాలు రూపొందించడానికి చట్టబద్ధమైన కమిటీ కావాలని సిఫారసు చేసింది. లా కమిషన్ 2015లో తన 262వ నివేదికలో ఉగ్రవాదం, దేశంపై యుద్ధం వంటి నేరాలకు తప్ప ఉరిశిక్ష రద్దు చేయాలంది. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఉరికి అవకాశమున్న కేసుల్లో దోషి నేపథ్యం, మానసిక స్థితిపై నివేదికలు విచారణ దశలోనే తెప్పించాలని ఆదేశించింది. 160 ఏళ్ల తర్వాత మొత్తం శిక్షాస్మృతిని తిరగరాసే అవకాశం 2023లో పార్లమెంటుకు వచ్చింది. భారతీయ న్యాయ సంహితలో మలిమథ్ కమిటీ కోరిన శిక్షా మార్గదర్శకాల సంస్థకు చోటు దక్కలేదు.